పైలట్ అభ్యర్థిని మనం ఏమి అడగాలి?

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని కలికిరిలో సైనిక్ స్కూలు 2014లో మొదలైంది. ఆ ఏడాది ఆరో తరగతిలో చేరిన పిల్లలు 2021 నాటికి పన్నెండో తరగతి ముగించారు. వారిలో ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీకి వెళ్ళి, అక్కడి మూడేళ్ళ చదువు తరువాత దుండిగల్ వాయుసేన అకాడమీలో శిక్షణ పొందినవారు ఎవరైనా ఉంటే, వారు ఇప్పటికి ఫ్లయింగ్ ఆఫీసర్ హోదాలో ఏదో ఒక వాయుసేన స్థావరంలో ఉద్యోగం చేస్తూ ఉంటారు. మరో ఇరవై ఏళ్ళకు, పెన్షన్‌కు కావలసిన సర్వీసు పూర్తయిన తరువాత, వారిలో ఒకరు పీలేరుకో మదనపల్లెకో తిరిగివచ్చి శాసనసభకు పోటీ చేస్తానంటే అందులో ఆశ్చర్యపడవలసినది ఏమీ ఉండదు. ఆ రోజున ఆ అభ్యర్థిని మనం ఏ ప్రశ్నలు అడగాలన్నది ఇప్పుడే ఆలోచించుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే యుద్ధ విమానం నడిపిన మనిషి ఎదురుగా వచ్చి నమస్కారం పెట్టినప్పుడు ప్రశ్నలు అడగాలన్న ధ్యాస మనకు ఉండదు.

మా తిరుపతి ఓటర్లకు ఈ అనుభవం కొంత ఉంది. 1983లో ఎన్.టి. రామారావును, 2009లో చిరంజీవిని ఈ ఊరు శాసనసభకు పంపింది. ఇద్దరూ వేరే రంగంలో సంపాదించుకున్న అభిమానంతో ఇక్కడికి వచ్చినవారే. చిరంజీవి తన పార్టీని 2011లో కాంగ్రెసులో విలీనం చేసి, మరుసటి ఏడాది రాజ్యసభకు వెళ్ళిపోవడంతో 2012లో తిరుపతికి ఉప ఎన్నిక వచ్చింది. అభిమానంతో వేసిన ఓటుకు, నియోజకవర్గం పనికోసం వేసిన ఓటుకు ఉన్న దూరాన్ని అప్పుడు ఈ ఊరు కళ్ళారా చూసింది. సినిమా నటుడి మీద ఉన్న అభిమానాన్ని ఎవరైనా విమర్శించగలరు గానీ, దేశం కోసం ప్రాణాలొడ్డినవాని మీద ఉన్న గౌరవాన్ని విమర్శించడానికి ఎవరికీ నోరు రాదు. అందుకే మాజీ సైనికుని విషయంలో ఓటరు మరింత మెలకువగా ఉండాలి.

నేను చాలాకాలం న్యాయశాస్త్ర విద్యార్థులకు రాజ్యాంగం బోధించాను. సైనికుల హక్కుల గురించిన 33వ అధికరణం పాఠానికి వచ్చినప్పుడల్లా తరగతిలో చర్చ వేడెక్కేది. మిగతా పౌరులందరికీ హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కులను సాయుధ దళాల విషయంలో కుదించే అధికారం ఆ అధికరణం పార్లమెంటుకు ఇస్తుంది. దాని ఆధారంగా 1950 నాటి వాయుసేన చట్టం, ఆ చట్టం కింద చేసిన నియమాలు, ఉద్యోగంలో ఉన్న అధికారి రాజకీయ సభలకు హాజరు కావడాన్ని, రాజకీయ సంఘాలలో చేరడాన్ని కట్టడి చేస్తాయి. ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవారు చట్టసభకు ఎన్నిక కాలేరన్న నియమం ఎలాగూ ఉంది. సైనికునికి మిగిలేది ఓటు ఒక్కటే. దాన్ని కూడా సర్వీసు ఓటరుగా సొంత ఊరి జాబితాలో పేరు నమోదు చేయించుకుని, ఎలక్ట్రానిక్ పద్ధతిలో అందిన పోస్టల్ బ్యాలెట్‌ను నింపి తపాలాలో తిప్పి పంపించాలి. ఈ కట్టుబాటు సరైనదేనని నేను గట్టిగా నమ్ముతాను. ఆఫ్రికాలోని ఘనాలో జెర్రీ రాలింగ్స్ అనే వాయుసేన ఫ్లయిట్ లెఫ్టినెంట్ 1979లోను, 1981లోను సైనిక తిరుగుబాటుతో అధికారం చేజిక్కించుకుని, ఆ తరువాతనే 1992లో బ్యాలెట్ ద్వారా అధ్యక్షుడయ్యాడు. మన దేశంలో ఏ పైలట్‌కూ ఆ దారి తెరుచుకోకపోవడం మన గణతంత్రం సాధించిన పెద్ద విజయాలలో ఒకటి.

అయితే ఈ కట్టుబాటుకు మరో ఫలితం కూడా ఉంది. ఇరవై ఏళ్ళు రాజకీయాలకు దూరంగా ఉంచిన మనిషి, యూనిఫాం విప్పిన మరునాడే రాజకీయం తెలిసినవాడు కాలేడు. పదహారు పదిహేడేళ్ళకే ఊరు వదిలి, జోధ్‌పూర్, తేజ్‌పూర్, బీదర్ అంటూ దేశమంతా తిరిగినవానికి తన మండలంలో ఏ చెరువు ఎప్పుడు ఎండిందో తెలిసే అవకాశం తక్కువ.

తెలుగువారిలో ఈ దారిన నడిచినవారిలో అందరికీ తెలిసిన ఉదాహరణ నలమాద ఉత్తమ్ కుమార్ రెడ్డి. వాయుసేనలో మిగ్-21, మిగ్-23 యుద్ధ విమానాలు నడిపిన ఆయన, తరువాత రాష్ట్రపతి భవన్‌లో ఆర్. వెంకట్రామన్, శంకర్ దయాళ్ శర్మల హయాంలో పనిచేశారు. 1994లో కోదాడలో మొదటిసారి పోటీ చేసి ఓడిపోయారు. అదే కోదాడలో 1999లోను, 2004లోను గెలిచి, నియోజకవర్గాల పునర్విభజన తరువాత 2009 నుంచి హుజూర్‌నగర్‌కు మారారు. 2019లో నల్లగొండ నుంచి లోక్‌సభకు వెళ్ళి, 2023లో మళ్ళీ హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు ఎన్నికై తెలంగాణలో నీటిపారుదల, పౌర సరఫరాల మంత్రి అయ్యారు. మన కలికిరి ప్రాంతానికి చెందిన నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు గృహనిర్మాణ శాఖను చూసిన మంత్రి కూడా ఆయనే. ఆయన రాజకీయాలతో ఏకీభవించేవారు ఉంటారు, విభేదించేవారూ ఉంటారు. ఆ చర్చ జోలికి నేను వెళ్ళడం లేదు. నా దృష్టి 1994కు, 1999కు నడుమ గడిచిన అయిదేళ్ళ మీద ఉంది. రాష్ట్రపతి భవన్‌లో పనిచేసి వచ్చిన యువ అధికారికి కోదాడ ఓటరు మొదటిసారి ఇచ్చిన జవాబు ఓటమి. ఆయన ఆ నియోజకవర్గాన్ని వదిలిపెట్టకుండా మళ్ళీ అక్కడి ఓటర్లనే అడిగారు. అప్పుడు గెలిచారు.

అమెరికాలో ట్యామీ డక్‌వర్త్ కథ కూడా ఇలాంటిదే. ఆమె సైనిక హెలికాప్టర్ పైలట్. 2004 నవంబరు 12న ఇరాక్‌లో ఆమె నడుపుతున్న బ్లాక్ హాక్ మీద రాకెట్ దాడి జరిగి రెండు కాళ్ళూ పోయాయి. రెండేళ్ళకే ఇల్లినాయ్‌లో ప్రతినిధుల సభకు పోటీ చేస్తే, అంతటి త్యాగం కళ్ళెదుట కనిపిస్తున్నా ఓటర్లు స్వల్ప తేడాతో ఓడించారు. ఆమె ఆ రాష్ట్రంలో మాజీ సైనికుల సంక్షేమ శాఖకు అధిపతిగా పనిచేసి, తరువాత కేంద్ర స్థాయిలో అదే రంగంలో బాధ్యతలు నిర్వహించి, 2012లో ప్రతినిధుల సభకు, 2016లో సెనేట్‌కు ఎన్నికయ్యారు. ఆ ఓటమి ఓటర్ల కృతఘ్నత అని నేను అనుకోను. నీ త్యాగానికి మేము తలవంచుతాము, మా పని నీవు ఎలా చేస్తావో ఇంకా చూడలేదు అని చెప్పే హక్కు ఓటరుకు ఉంది.

రాజేశ్ పైలట్ పేరు ఇక్కడ చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం అవుతుంది. (రాజీవ్ గాంధీ కూడా పైలటే కదా అని కొందరు మిత్రులు అంటుంటారు, ఆయన ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో ప్రయాణికుల విమానాలు నడిపారు గానీ సైన్యంలో ఎన్నడూ లేరు.) రాజేశ్వర్ ప్రసాద్ అన్న అసలు పేరుగల రాజేశ్ పైలట్ 1971 యుద్ధ కాలపు వాయుసేన అధికారి. స్క్వాడ్రన్ లీడర్‌గా ఉండగా ఉద్యోగం వదిలి, 1980లో భరత్‌పూర్ నుంచి లోక్‌సభకు గెలిచారు. వృత్తి పేరు ఆయనకు ఇంటిపేరై కుమారునికి కూడా సంక్రమించింది. ఆయన జీవితంలో నాకు ముఖ్యమని తోచే ఘట్టం 1997 నాటిది. ఆ ఏడాది కాంగ్రెసు అధ్యక్ష పదవికి సీతారాం కేసరి మీద పోటీ చేసి ఆయన ఓడిపోయారు. అంతకు అయిదేళ్ళ ముందు, 1992 ఏప్రిల్‌లో, ఆ పార్టీ ప్లీనరీ మా తిరుపతిలోనే జరిగింది. చాలా ఏళ్ళ తరువాత కార్యవర్గానికి నిజమైన ఎన్నికలు పెట్టి, గెలిచినవారిలో మహిళలు, దళితులు, గిరిజనులు లేరన్న కారణం చూపి పి.వి. నరసింహారావు వారందరి చేత రాజీనామా చేయించారు. చూపిన కారణంలో న్యాయం ఉండవచ్చు. కానీ పార్టీ లోపలి ఓటు ఎంత బలహీనమైనదో ఆ మూడు రోజుల్లో తేలిపోయింది. ఆ సంగతి తెలిసి కూడా, ఓటమి ఖాయమని కనిపిస్తున్నా, పార్టీ లోపల బ్యాలెట్ మీద తన పేరు ఉండాలని రాజేశ్ పైలట్ కోరుకున్నారు. ఆయన చూపిన ధైర్యాలలో దీన్ని నేను చాలా ఎత్తున నిలబెడతాను.

ఇక అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు ఒక సెనేట్ స్థానం కథ మన ఓటర్లు తెలుసుకోదగినది. వియత్నాం యుద్ధంలో నౌకాదళ పైలట్ జాన్ మెకెయిన్ విమానాన్ని 1967 అక్టోబరులో హనోయ్ మీద కూల్చివేశారు. ఆయన అయిదున్నరేళ్ళు బందీగా ఉన్నారు. 1982లో అరిజోనాలో ప్రతినిధుల సభకు మొదటిసారి పోటీ చేసినప్పుడు ఆయన స్థానికుడు కాడన్న విమర్శ గట్టిగా వచ్చింది. సైనిక కుటుంబంలో పుట్టి ఊరూరూ తిరిగిన తాను జీవితంలో ఎక్కువకాలం ఒకేచోట ఉన్నది హనోయ్‌లోనే అని ఆయన చెప్పిన సమాధానానికి విమర్శకుల వద్ద జవాబు లేకపోయింది. సెనేటర్‌గా ఉన్న ఆయన 2018లో మరణించాక, ఆ స్థానంలో మరొకరు కొద్ది నెలలు ఉన్న తరువాత, 2019లో యుద్ధ విమాన పైలట్ మార్తా మెక్‌సాలీని నియమించారు. 2020 ఎన్నికలో ఆమె మీద గెలిచిన మార్క్ కెల్లీ కూడా నౌకాదళ పైలట్, పైగా వ్యోమగామి. అభ్యర్థులిద్దరూ యుద్ధంలో విమానాలు నడిపినవారైనప్పుడు ధైర్యం ఇద్దరికీ సమానమైపోయి, ఆరోగ్య బీమా గురించి ఎవరేమంటున్నారు, మహమ్మారిని ఎవరు ఎలా చూస్తున్నారు అన్న ప్రశ్నలే ఎదుట నిలుస్తాయి. మన దగ్గర ఒక అభ్యర్థి పైలట్, మరొకరు కాంట్రాక్టరు అయినప్పుడు కూడా, ఇద్దరూ పైలట్లే అనుకుని ఆలోచించడం ఓటరుకు మేలు.

అయితే వాయుసేన నేర్పినదాంట్లో రాజకీయాలకు నిజంగా ఉపయోగపడేది ఏదీ లేదా? ఉంది. అది సార్టీ, అంటే విమానం ఒకసారి ఎగిరి దిగే పని, ముగిసిన తరువాత జరిగే డీబ్రీఫింగ్. విమానం దిగిన పైలట్లు ఒక గదిలో కూర్చుని, ఆ గంటలో జరిగిన ప్రతి మలుపునూ రికార్డింగుతో సరిచూసుకుంటారు. ఆ గదిలో హోదాలకు చోటు తక్కువ. బృందాన్ని నడిపించిన అధికారి ముందుగా తన పొరపాట్లు తానే చెప్పాలి. జూనియర్ పైలట్ సీనియర్ చేసిన తప్పును పేరుపెట్టి ఎత్తిచూపవచ్చు. చూపకపోతే అది అతని లోపమవుతుంది. ఎందుకంటే ఇవాళ చెప్పకుండా దాచిన తప్పు రేపు మరొకరి ప్రాణం తీస్తుంది. మన ప్రజాజీవితంలో అతి తక్కువగా కనిపించే అలవాటు ఇదే. వేసిన పథకం ఎందుకు విఫలమయిందో, తవ్విన కాలువలోకి నీళ్ళు ఎందుకు రాలేదో, తనంతట తానుగా సభలో లేచి చెప్పిన మంత్రిని మనం ఎంత అరుదుగా చూశాం?

నిజానికి ప్రజాస్వామ్యంలో కూడా డీబ్రీఫింగ్ గదులు ఉన్నాయి. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలను 151వ అధికరణం ప్రకారం చట్టసభల ముందు పెడతారు. వాటిని పరిశీలించే ప్రజా పద్దుల సంఘానికి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షత వహించడం ఆనవాయితీ. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షను గ్రామసభకు సామాజిక తనిఖీ చేసే అధికారం ఇచ్చింది. ఆ తనిఖీలను పద్ధతి ప్రకారం నడిపి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకప్పుడు దేశానికి దారి చూపింది. కూలీ లేచి నా మస్టరులో దొంగ వేలిముద్ర ఉందని అధికారి ముఖం మీద చెప్పగలిగిన సభలు అవి. కాబట్టి పైలట్ అభ్యర్థిని నేను అడగదలచిన మొదటి ప్రశ్న ఇది: మీ మండలంలో జరిగిన సామాజిక తనిఖీ సభలో ఒక్కసారైనా చివరిదాకా కూర్చున్నారా? ఇక రెండవది: గెలిస్తే, ఏడాదికొకసారి నియోజకవర్గ ప్రజల ముందు నిలబడి, చేయలేకపోయిన పనులను కారణాలతో సహా చదువుతారా?

మా వీధిలో వాయుసేనలో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయిన పెద్దాయన ఒకరు ఉన్నారు. సర్వీసులో ఎక్కువ భాగం మిగ్-21ల మీదే గడిపారట. ఆ విమానం 1963లో మన వాయుసేనలో చేరి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకున్న రోజున, టీవీ ముందు నుంచి ఆయన కదలలేదని ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఈ వ్యాసం సంగతి ప్రస్తావిస్తే ఆయన ఫారం 700 గురించి చెప్పారు. ప్రతి విమానానికీ ఉండే ఆ పుస్తకంలో, ఇంజన్ చూసినవారు, ఆయుధాలు చూసినవారు, విద్యుత్ పరికరాలు చూసినవారు తమ తమ పని అయినట్టు సంతకాలు పెడితే, ఆ సంతకాలను నమ్మి చివర తన సంతకం పెట్టిన తరువాతనే పైలట్ విమానం ఎక్కుతాడు.

"పైకి పోయేది ఆయనే సార్, కాదనను. అయితే ఆయన్ని పైకి పంపించేది కింద మేం పెట్టే సంతకం. మంచి పైలట్ ఎవురంటే, సంతకం పెట్టే ముందర మా మొగం ఒకసారి చూసి, ఏమన్నా అనుమానముందా అని అడిగేవాడు" అన్నారు ఆయన.

ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసులో మూడవ ప్రశ్న స్థిరపడింది. తనకంటే చాలా కింది హోదాలో ఉన్న మనిషి, ఈ విమానం ఇవాళ ఎగరకూడదు అని చెప్పినప్పుడు ఆ పైలట్ విని ఆగాడా? వాయుసేనలో విన్నవాడైతే, రేపు గ్రామ సచివాలయ ఉద్యోగి, అంగన్‌వాడీ కార్యకర్త, లైన్‌మన్ చెప్పే మాట కూడా వింటాడని ఆశించవచ్చు.

యూనిఫాంలోంచి రాజకీయంలోకి రానివి కూడా ఉన్నాయి. స్క్వాడ్రన్‌లో ఆజ్ఞ ఇస్తే పని జరుగుతుంది. పార్టీ కార్యకర్తకు జీతం లేదు, శిక్ష లేదు, ఇష్టం లేకపోతే రేపటి నుంచి రాడు. ఇక ఓటరుకు ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేరు. శాసనసభ అభ్యర్థికి చట్టం నిర్ణయించిన ఖర్చు పరిమితి 40 లక్షల రూపాయలు. పోలింగు దగ్గరపడేసరికి మన పల్లెల్లో కదిలే డబ్బు గురించి ఇక్కడ ఎవరికీ వివరించనక్కరలేదు. ఆ డబ్బును చూసి నిజాయితీపరుడైన మాజీ అధికారి వెనక్కు తగ్గితే అది మన నష్టం, సర్దుకుపోతే అంతకంటే పెద్ద నష్టం. ఇవన్నీ దాటి వచ్చినా, అసలు పని సమస్య లోతు తెలుసుకోవడం. 2025 వేసవిలో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు, కిలోకు 12 రూపాయలు దక్కేలా గుజ్జు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయం జరిగింది. ఆ 8 రూపాయలు రైతు చేతికి అందడానికి ఎన్ని వారాలు పట్టింది, ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు ఎన్ని రాత్రులు నిలిచాయి, టోకెన్లు ఎవరికి ముందుగా దక్కాయి అన్నవి బంగారుపాళెంలోనో దామలచెరువులోనో రైతుల మధ్య కూర్చుంటే తప్ప తెలియవు. పలమనేరు, కుప్పం అడవి అంచుల్లో ఏనుగులు తొక్కిన చేనుకు నష్టపరిహారం లెక్క కట్టే పద్ధతి కూడా అంతే.

చివరగా యూనిఫాం ఫోటో గురించి. రక్షణ సిబ్బంది చిత్రాలను ప్రచారంలో వాడవద్దని ఎన్నికల సంఘం 2013 డిసెంబరులో రాజకీయ పార్టీలకు సూచించి, లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వెలువడటానికి ముందు రోజు, 2019 మార్చి 9న, అదే సూచనను మళ్ళీ గుర్తుచేసింది. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కూలినప్పుడు, ఆయనతోపాటు మన ఉమ్మడి జిల్లా కురబలకోట మండలం ఎగువరేగడకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ కూడా అమరుడయ్యాడు. అలాంటి ఇళ్ళున్న జిల్లాలో, వాయుసేన దుస్తుల్లో దిగిన తన పాత ఫోటోను ఫ్లెక్సీ మీద వేసుకుని ఓటు అడగడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. తన సర్వీసు వివరాలను కరపత్రంలో రెండు వాక్యాలుగా రాసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. ఆ దుస్తులు మాత్రం ఇంకా వాటిని తొడుక్కుని పనిచేస్తున్నవారందరివీ. వారిలో ఆ అభ్యర్థికి ఓటు వేయనివారు కూడా ఉంటారు.

రిటైరైన తరువాత ప్రైవేటు కంపెనీలో చేరాలంటే సైనికాధికారికి నిర్ణీత విరామ కాలం ఉంది. ఎన్నికల్లో పోటీకి అలాంటి విరామం చట్టంలో లేదు. పార్టీలు చట్టం కోసం ఆగనక్కరలేదు. యూనిఫాం వదిలినవారికి రెండేళ్ళ వరకు శాసనసభ, లోక్‌సభ టికెట్లు ఇవ్వబోమని తమ నియమావళిలో తామే రాసుకోవచ్చు. ఆ రెండేళ్ళలో ఆ మాజీ అధికారి తన ఊరి గ్రామసభకు వెళ్ళవచ్చు, మండల పరిషత్‌కు పోటీ చేయవచ్చు, సర్పంచ్‌గా నిలబడి ఓడిపోవచ్చు కూడా. కలికిరి పిల్లలలో ఎవరైనా ఇరవై ఏళ్ళ తరువాత ఈ దారిన వస్తే, పార్టీ కార్యాలయానికి వెళ్ళే ముందు తమ ఊరి పంచాయతీ కార్యాలయంలో తీర్మానాల పుస్తకం అడిగి చదవాలని కోరుతున్నాను.